అలకపాన్పు దిగని నెట్‌బుక్ గారికి

మహారాజశ్రీ నెట్‌బుక్ గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం ఛార్జర్ పిన్ను ఎంత గట్టిగా కూర్చుందన్న దాని మీద ఉంటుంది కాబట్టి అడగడం లేదు.

మాకు ఒక్కడే కొడుకు, ఆడపిల్లలు లేరు. పండక్కి అల్లుణ్ణి బతిమాలే యోగం ఈ జన్మకి లేదనుకున్నాను. మొన్న అటక మీద ఇత్తడి బిందె వెనకాల, బూజు పట్టిన సంచిలో బుల్లి ల్యాప్‌టాప్ అయిన తమరు దొరికాక ఆ లోటు తీరిపోయింది. అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నాం తమరిని. పదంగుళాల తెర, ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, ఒక్క జీబీ ర్యామ్. అప్పట్లో సంచిలోంచి తీస్తే బస్సులో పక్క సీటు వాళ్ళు మెడ సాచి మరీ చూసేవాళ్ళట.

విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ తమరి వంశానికి కొత్త కాదు. 2007లో వచ్చిన పెద్దన్నగారు ఈ-పీసీ, ఏడంగుళాల తెరతో, 4 జీబీ నిల్వతో, లైనక్స్ వేసుకునే పుట్టారు. అందుకని తమరిలో ఉన్న పాత విండోస్ ఎక్స్‌పీ తీసి లైనక్స్ పెడితే సొంతూరు చేరినట్టు మురిసిపోతారనుకున్నాను. నా పిచ్చి.

ముందు భోజనం దగ్గరే పేచీ. 64 బిట్ల లైనక్స్ తమరి పాత ప్రాసెసర్‌కి అరగదు, 32 బిట్లదే కావాలి. ఆ వంట వండేవాళ్ళు ఒక్కొక్కళ్ళే మానేస్తున్నారు. లైనక్స్‌ని వండి పంచే ఉబుంటు వాళ్ళు 2017లోనే 32 బిట్ల డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్ ఆపేశారు. అదే పని చేసే డెబియన్ వాళ్ళు 12వ వెర్షన్ దాకా వడ్డించి, 2025లో 13 తెచ్చినప్పుడు ఆ పొయ్యి ఆర్పేశారు. సరే, చల్లారకముందే ఆ 12నే పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చాను.

పెన్‌డ్రైవ్ నుంచి లేవమని చెప్పడానికి ఎఫ్2 నొక్కి, తమరు లేవగానే మొదట నడిచే బయాస్‌లోకి వెళ్తే, అక్కడ తేదీ 2009 జనవరి 1. లోపలి సెల్లు చచ్చిపోయింది. ఎన్నిసార్లు దిద్దినా, ఛార్జర్ తీసి పెట్టేసరికి మళ్ళీ అదే కొత్త సంవత్సరం. తమరి లెక్కన తెలంగాణ ఇంకా రాలేదు, హైదరాబాద్‌కి మెట్రో లేదు, మా వాడు ఇంకా ఫస్టియర్‌లోనే ఉన్నాడు. చివరి సంగతి వింటే మా ఆవిడ సంతోషిస్తుంది. సెల్లు మార్పిద్దామని తీసుకెళ్తే, రిపేరు కుర్రాడు తిప్పి చూసి, "సార్, సెల్లుది ఏముంది, విప్పే కూలీయే ఎక్కువ" అన్నాడు. అలాగే వెనక్కి తెచ్చాను.

అసలు అలక వైఫై దగ్గర మొదలైంది. ఇన్‌స్టాలర్ సగంలో ఆగి, బీ43 బార్ యూకోడ్15 అనే ఫైలు లేదంది. తమరి వైఫై చిప్పుకి ప్రాణం పోసే ఫర్మ్‌వేర్ అది. చిప్పు చేసినవాళ్ళు దాన్ని పంచిపెట్టే అనుమతి ఇవ్వలేదు కాబట్టి డెబియన్ సీడీలో ఉండదు, నెట్ నుంచి దింపుకోవాలి. నెట్ కావాలంటే వైఫై కావాలి. వైఫై కావాలంటే ఆ ఫైలు కావాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. రెండు ఆదివారాలు తమరి ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ గ్లాసు పెడుతూ, "మా నాన్న కూడా మీకు ఇన్ని మర్యాదలు చెయ్యలేదండీ" అంది. చివరికి ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో తగిలించి, దాని నెట్ తమరికి పట్టించాను. డెబియన్ సరుకులు తెచ్చుకునే చోట్ల జాబితాలో కాంట్రిబ్ అనే మాట చేర్చి, సుడో ఆప్ట్ అప్‌డేట్, ఆ వెనకే ఇన్‌స్టాల్ అంటూ మంత్రాలు చదివాక నీలం దీపం వెలిగింది. ఆ దీపం చూసి నేను చప్పట్లు కొట్టిన మాట నిజం. పక్కింటివాళ్ళు క్రికెట్ అనుకున్నారు.

తర్వాత ఇంకొకటి. తమరి తెర ఎత్తు 600 చుక్కలు. సెట్టింగ్స్ పెట్టెలు కొన్ని అంతకన్నా పొడుగు. ప్రశ్నలన్నీ కనిపిస్తాయి, "సరే" బటన్ మాత్రం తెర కింద ఎక్కడో పాతాళంలో ఉంటుంది. ఆల్ట్ నొక్కి పట్టి, ఆ పెట్టె నడుం పట్టుకుని పైకి లాగితే గానీ అది బయటపడదు. ఈ సంగతి తెలిసేదాకా తమరి ప్రతి ప్రశ్నకీ ఎస్కేప్ కొట్టి పారిపోయాను.

తెలుగు బదులు కనబడే డబ్బాలు మాత్రం, ఫాంట్స్-తెలు ప్యాకేజీ వెయ్యగానే గుట్టుగా వెళ్ళిపోయాయి. ఇంత పనిలో నన్ను ఏడిపించనిది అదొక్కటే.

నిన్న సాయంత్రం మా ఆవిడ వచ్చి నిలబడింది.

"ఇంతకీ ఇదేం చేస్తుంది?"

"తెలుగు రాస్తుంది."

"అయితే పచారీ చీటీ రాయండి."

వెనకాల బ్రౌజర్ తెరిచి ఉన్న సంగతి మరిచిపోయి, కందిపప్పు రెండు కిలోలు అని కొట్టాను. తమరు "కందిప" దాకా చూపించి ఆగారు. హార్డ్‌డిస్క్ గరగరమంటోంది. ఆవిడ సంచి పట్టుకుని, నేను ఊపిరి బిగబట్టుకుని, ఇద్దరం తెర వైపే చూస్తున్నాం.

ఇట్లు,
తమరి మామగారు