పలాస పిక్కల నుంచి ప్రపంచ బ్యాంకు దాకా అంతా నయా వలసవాదమేనా? ఒక వాట్సాప్ మెసేజ్‌కి జవాబు

శ్రీకాకుళం, విజయనగరం గ్రూపుల్లో ఒక పొడవాటి మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఉత్తరాంధ్ర నయా వలసవాదం గుప్పిట్లో ఉంది" అని మొదలవుతుంది. (నయా వలసవాదం అంటే, పేరుకి స్వాతంత్ర్యం వచ్చినా బయటివాళ్ల పెత్తనం పోకపోవడం.) అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: విదేశీ డబ్బు ఎక్కడికొస్తే అక్కడ నయా వలసవాదం వచ్చినట్టే. పలాసలో దిగుతున్న ఆఫ్రికా జీడిపిక్కలు, సోంపేట, కాకరాపల్లి థర్మల్ ప్లాంట్లు, ప్రపంచ బ్యాంకు అప్పులు, చివరికి ఇంగ్లీషు మీడియం బడి కూడా దాని కిందికే వస్తాయి. ఈ సంగతి లెనిన్ ఎప్పుడో చెప్పాడు. ఇందులో మనవాళ్ల చేతుల్లో ఏమీ లేదు.

రాసినవారి కోపం నాకు తెలుసు, చాలావరకు నాదీ అదే కోపం. పేచీ ఆ చివరి మాటతోనే. మనవాళ్ల చేతుల్లో ఏమీ లేదంటే, సంతకాలు పెట్టిన మనవాళ్లంతా హాయిగా తప్పించుకున్నట్టే కదా!

ముందు లెనిన్ సంగతి తేల్చేద్దాం. ఆయన సామ్రాజ్యవాదం మీద పుస్తకం రాసింది 1916లో, పోయింది 1924లో. అప్పటికి ఆఫ్రికా దాదాపు మొత్తం యూరప్ జెండాల కిందే ఉంది. జెండాలు మారాక కూడా పెత్తనం పోలేదని తెలిశాకే 'నయా వలసవాదం' అనే ఈ కొత్త మాట కావాల్సి వచ్చింది. 1961లో కైరోలో జరిగిన అఖిల ఆఫ్రికా ప్రజల మహాసభ దీని మీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది. కీలుబొమ్మ ప్రభుత్వాలను నిలబెట్టడం, సైనిక స్థావరాలు అలాగే ఉంచుకోవడం, కరెన్సీని తమ అదుపులో పెట్టుకోవడం వంటివాటిని దీని లక్షణాలుగా చెప్పింది. 1965లో ఘనా అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా దీని మీద ఏకంగా పుస్తకమే రాశాడు. లెనిన్ పుస్తకం గుర్తొచ్చేలా దానికి 'సామ్రాజ్యవాదపు ఆఖరి దశ' అని ఉపశీర్షిక పెట్టాడు. మెసేజ్ రాసినవారు బహుశా అక్కడే తికమకపడ్డారు.

ఇక "విదేశీ డబ్బు వస్తే చాలు" అన్న వాదన. దీన్ని ఎన్‌క్రుమాయే ఒప్పుకోడు. సంపన్న దేశాల పెట్టుబడిని రానివ్వకూడదని కాదు, ఆ డబ్బు బలంతో పేద దేశాన్ని ఇంకా పేదది చేయకుండా అడ్డుకోవాలని ఆ పుస్తకంలోనే రాశాడు. వోల్టా నది మీద అకొసోంబో డ్యామ్ కట్టడానికి ఆయన తీసుకున్నదీ ప్రపంచ బ్యాంకు, అమెరికా, బ్రిటన్ అప్పులే. డబ్బుతో పాటు వచ్చిన షరతుల దగ్గరే చిక్కు మొదలైంది. డ్యామ్ కరెంటులో పెద్ద వాటా చవక రేటుకి, దీర్ఘకాల ఒప్పందం మీద, అమెరికా కంపెనీల అల్యూమినియం ఫ్యాక్టరీకి పోయింది. ఘనా కొండల్లో బాక్సైట్ ఉంది. అయినా ఆ ఫ్యాక్టరీ అల్యూమినాను (బాక్సైట్ నుంచి తీసే ముడిసరుకు) బయటి నుంచే తెప్పించుకుంది. కరెంటు ఘనాది, లెక్క మాత్రం కంపెనీది. 1966 జనవరిలో ఆ డ్యామ్‌ను ప్రారంభించిన ఎన్‌క్రుమాను, మరుసటి నెల ఆయన విదేశాల్లో ఉండగా సైన్యం దించేసింది.

ఇంతకన్నా తేటగా కనిపించే ఉదాహరణ సీఎఫ్ఏ ఫ్రాంక్. 1945లో ఫ్రాన్స్ తన ఆఫ్రికా వలసల కోసం పెట్టిన కరెన్సీ ఇది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొనసాగింది. ఇప్పటికీ 14 దేశాల్లో చెలామణిలో ఉంది. ఆ దేశాలు తమ విదేశీ మారక నిల్వల్లో కనీసం సగం ఫ్రాన్స్ ఖజానాలో ఉంచాలన్న నిబంధన దశాబ్దాల పాటు నడిచింది. పశ్చిమ ఆఫ్రికా దేశాలకు దాన్ని తీసేస్తామన్న ప్రకటన వచ్చింది 2019 డిసెంబరులో. 1994 జనవరిలో ఫ్రెంచ్ ఫ్రాంకుతో సీఎఫ్ఏ ఫ్రాంక్ విలువను ఒక్కసారిగా సగానికి తగ్గించారు. అక్కడి రైతు ఓటేసి గెలిపించిన ఏ ప్రభుత్వానికీ ఒంటరిగా ఆ రేటును మార్చే వీలు లేదు. జెండా ఉండి, ఎన్నికలు ఉండి, అసలు నిర్ణయం మాత్రం ఇంకెక్కడో జరగడం అంటే ఇది.

ఆ కొలతతో ఇప్పుడు పలాస వద్దాం. ఆఫ్రికా పిక్కలు వచ్చి పలాస చుట్టుపక్కల ఉద్దానం రైతు బస్తా ధర పడగొడుతున్నాయన్న బాధ నిజమే. 80 కిలోల బస్తాకి గిట్టుబాటు ధర కోసం రైతులు రోడ్డెక్కుతూనే ఉన్నారు. కానీ దీన్ని ఆఫ్రికా మన మీద చేస్తున్న నయా వలసవాదం అనడం కథను తలకిందులు చేయడమే. ముడి సరుకు పంపేది వాళ్లు. బాయిలింగ్ చేసి, పిక్క కొట్టి, పొట్టు తీసి, గుళ్లూ బద్దలూ వేరు చేసి అమ్ముకునేది మనం. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ జీడిపిక్కలు పండించే ఐవరీ కోస్ట్ వాటిలో చాలా భాగాన్ని ముడిగానే వియత్నాంకీ మనకీ పంపుతోంది. పైగా అక్కడ నడిచేది ఆ సీఎఫ్ఏ ఫ్రాంకే.

మొజాంబిక్ కథ పలాసలో ప్రతి బట్టీ యజమానికీ తెలియాలి. తన ఫ్యాక్టరీలను కాపాడుకోవడానికి ఆ దేశం ముడి పిక్కల ఎగుమతి మీద పన్ను వేసేది. 1990ల మధ్యలో, అంతర్యుద్ధం ముగిసి అప్పుల కోసం చేయి చాచిన సమయంలో, ఆ పన్ను తగ్గించాలని ప్రపంచ బ్యాంకు షరతు పెట్టింది. ముడి ఎగుమతి పెరిగితే రైతుకి మంచి ధర వస్తుందన్నది బ్యాంకు లెక్క. పన్ను తగ్గింది, ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, వేలమంది రోడ్డున పడ్డారు. రైతుకి దక్కిన అదనపు లాభం చాలా స్వల్పమని తర్వాత ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. ఆ ముడి పిక్కలు ఎక్కువగా వచ్చింది ఎక్కడికనుకున్నారు? ఇండియాకే. అంటే ఈ కథలో నయా వలసవాదం కచ్చితంగా ఉంది, కాకపోతే మనం కూర్చున్నది లాభం వైపు. వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది. బెనిన్ 2024 ఏప్రిల్ నుంచి ముడి పిక్కల ఎగుమతినే ఆపేసిందంటే దాని వెనక ఇలాంటి అనుభవాలు ఉన్నాయి.

మరి ఉద్దానం రైతుని దెబ్బతీసింది ఎవరు? ముడి పిక్కల దిగుమతి సుంకాన్ని 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించింది 2018 కేంద్ర బడ్జెట్. అదే ఏడాది అక్టోబరులో తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటల్ని నేలకూల్చింది. సుంకం తగ్గించమని అడిగింది మన దేశపు ప్రాసెసింగ్ పరిశ్రమ, తగ్గించింది మన ఢిల్లీ. రైతులు నిలదీయాల్సింది అక్కడ.

సోంపేట, కాకరాపల్లి. ఈ రెండు చోట్లా ప్లాంట్లు తలపెట్టింది మన దేశంలో నమోదైన కంపెనీలే. సోంపేట బీలలో (చిత్తడి నేలల్లో) ప్లాంటు తలపెట్టింది హైదరాబాదు కంపెనీ. 2010 జూలై 14న దాన్ని అడ్డుకున్న జనం మీద కాల్పులు జరిపింది మన పోలీసులు. పర్యావరణ అనుమతిని అప్పీలు సంస్థ రద్దు చేసిందీ అదే రోజు. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ ప్రాణాలు పోయాయి. విజయనగరం వైపు ఎస్.కోట దగ్గర బొడ్డవర భూములు అల్యూమినా ఫ్యాక్టరీ పేరుతో తీసుకున్నదీ దేశీయ కంపెనీయే. ఫ్యాక్టరీ రాలేదు, భూమీ తిరిగి రాలేదు. వీటన్నిటినీ నయా వలసవాదం అంటే ఇక్కడి పెట్టుబడిదారుకీ ఇక్కడి ప్రభుత్వానికీ మనమే క్లీన్‌చిట్ ఇచ్చినట్టు.

ప్రపంచ బ్యాంకు విషయంలో మెసేజ్ సగం కరెక్టు. 1998లో రాష్ట్ర విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది బ్యాంకు అప్పుల నేపథ్యంలోనే. చార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపుపై నిరసనకు దిగినవాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగాయి. షరతుల బరువు ఎలా ఉంటుందో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. అయితే 2004 ఎన్నికల్లో జనం ప్రభుత్వాన్ని మార్చారు, వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. మొజాంబిక్‌కి లేని వెసులుబాటు మనకి ఉందన్నమాట. ఒత్తిడి ఉంది, బానిసత్వం లేదు. రెండింటినీ ఒకే గాటన కడితే ఆ ఓటు చేసిన పని కనబడకుండా పోతుంది.

ఇంగ్లీషు మీడియం గురించి ఎక్కువ చెప్పను. తన పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో చదివించి, ఊళ్లో పిల్లలకి అది నయా వలసవాదమని క్లాసు పీకేవాళ్లని చాలామందినే చూశాం.

నిజంగా ఈ మాట దగ్గరగా వర్తించే సంగతి ఒకటి మన పక్కనే ఉంది. మెసేజ్‌లో దాని ఊసే లేదు. మాకవరపాలెం అన్‌రాక్ అల్యూమినా ఫ్యాక్టరీలో యూఏఈలో భాగమైన రాస్ అల్ ఖైమా ప్రభుత్వ సంస్థ వాటా పెట్టింది. విశాఖ ఏజెన్సీలో జెర్రెల కొండల నుంచి బాక్సైట్ ఇస్తామన్న ఒప్పందం మీద అది వచ్చింది. గిరిజనులు ఒప్పుకోలేదు, తవ్వకాలు మొదలే కాలేదు. అప్పుడా సంస్థ ఇక్కడి కోర్టులతో సరిపెట్టుకోలేదు. భారత్, యూఏఈల మధ్య అప్పుడున్న పెట్టుబడి ఒప్పందాన్ని పట్టుకుని భారతదేశం మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. జెర్రెల గిరిజనుల అభ్యంతరానికి ఎంత విలువ కట్టాలన్నది మన దేశం బయట కూర్చునే వేదిక ముందుకు పోయింది. ఇలాంటి ఒప్పందాలతో తలనొప్పి భరించలేకే కేంద్రం 2016 తర్వాత అనేక దేశాలతో ఉన్నవాటిని రద్దు చేసుకుంది. ఇక్కడ మాత్రం నయా వలసవాదం అన్న మాట వాడండి, నాకు అభ్యంతరం లేదు. కాకపోతే 2007లో ఆ బాక్సైట్ ఒప్పందానికి రెండో పక్షం ఎవరో కూడా మెసేజ్‌లో రాయండి: జెర్రెలలో ఎవర్నీ అడగకుండా మాటిచ్చిన మన రాష్ట్ర ప్రభుత్వం.