అలీ శిఖరం కిన్షాసాలో లేదు

బాక్సర్ మహమ్మద్ అలీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1974 అక్టోబర్ 30న ఆఫ్రికాలోని కిన్షాసా నగరంలో జార్జ్ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టిన దృశ్యమే. ఆయన దేహం అత్యుత్తమ స్థితిలో ఉన్నదీ అప్పుడేనని అనుకోవడం మాత్రం పొరపాటు. ఆ శిఖరాన్ని చూడాలంటే ఎనిమిదేళ్లు వెనక్కి, 1966 నవంబర్ 14న హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో జరిగిన బౌట్‌కు వెళ్లాలి.

ఆ రాత్రి క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను అలీ మూడు రౌండ్లలోనే ముగించాడు. రెండేళ్ల కిందట పోలీసు తూటా తగిలి చావు అంచుల దాకా వెళ్లొచ్చిన విలియమ్స్‌పై గెలుపును గొప్పగా చెప్పుకోకూడదనే అభ్యంతరం న్యాయమైనదే. అయితే అక్కడ గమనించవలసింది ప్రత్యర్థి పతనాన్ని కాదు, అలీ కాళ్లను. చేతులు నడుము దాకా దించి, తల వెనక్కి వంచి దెబ్బను అంగుళం దూరంలో తప్పించుకుంటూ, వెనక్కి జరుగుతూనే పంచ్ విసిరే ఆ చలాకీతనం, ఆ బరువున్న మనిషిలో ఇప్పటికీ నమ్మశక్యంగా అనిపించదు.

1967 ఏప్రిల్‌లో వియత్నాం యుద్ధ కాలపు సైనిక సేవను నిరాకరించడంతో టైటిల్, లైసెన్స్ రెండూ పోయాయి. అప్పటికి ఆయన వయసు 25; మళ్లీ రింగులోకి వచ్చేసరికి 28. ఒక బాక్సర్ దేహానికి అత్యంత విలువైన మూడున్నరేళ్లు పోటీ లేకుండానే కరిగిపోయాయి. 1971 మార్చిలో జో ఫ్రేజర్ ఎడమ హుక్ పదిహేనో రౌండ్‌లో ఆయనను నేలకూల్చినప్పుడు, పాత అలీ అయితే ఆ దెబ్బకు అందేవాడా అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు.

కాళ్లు మునుపటిలా సహకరించకపోవడం వల్లనే ఆయన తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాచుకోవడం నేర్చుకున్నాడు. ఫ్రేజర్‌నూ, కెన్ నార్టన్‌నూ చెరి రెండు రౌండ్లలో ఓడించిన ఫోర్‌మన్‌ను అలసిపోయేలా చేసింది ఆ ఓర్పే. వారసత్వం పరంగా కిన్షాసా విజయం హ్యూస్టన్ కంటే గొప్పది. అయితే అది వేగం సాధించిన గెలుపు కాదు, దెబ్బలు తట్టుకునే శక్తి, బుద్ధి కలిసి సాధించినది.

1980లో లారీ హోమ్స్ చేతిలో, 1981లో ట్రెవర్ బెర్బిక్ చేతిలో ఎదురైన ఓటములను లెక్కలోకి తీసుకోవద్దనే అభిమానులతో ఏకీభవించలేను. హోమ్స్‌తో పోరులో పదో రౌండ్ తర్వాత కార్నర్‌లోని శిక్షకుల బృందం ఆపించేదాకా ఆయనను నిలబెట్టింది కూడా కిన్షాసాలో గెలిపించిన ఆ తట్టుకునే శక్తే.