మూడు రోజుల శాస్త్రం, ఆవకాయ జాడీ

మా ఇంట్లో ఆవకాయ జాడీకున్న సెక్యూరిటీ కలెక్టర్ బంగ్లాకి కూడా ఉండదండి. ఆడవాళ్ళు బయట చేరిన మూడు రోజులూ ఆ గదిలోకి అడుగు పెట్టకూడదు, నీడ కూడా పడకూడదు, పడిందా పచ్చడికి బూజే అని మా అమ్మ గట్టి నమ్మకం. విడిగా చాప, విడిగా గ్లాసు. ఇంత కట్టుదిట్టం మధ్యన రాత్రి 11 దాటి అందరూ పడుకున్నాక అదే చాప దగ్గరికి ఆ ఇంటి కొడుకు పిల్లిలా నడిచెళ్తే మాత్రం మైలా లేదు గియిలా లేదు. ఎందుకంటే అది సేఫ్ పీరియడ్, అంటే కలిసినా కడుపు రాని రోజులట. ఆవిడకి నడుం నొప్పిగా ఉందా, అసలు ఇష్టముందా అనే చాప్టర్ ఈ శాస్త్రంలో ఇంకా రాయలేదు.

ఈ శాస్త్రానికి మా బావే ప్రొఫెసర్. కోనసీమ మనిషి. "ఆ రోజుల్లో కండోమ్ ఎందుకురా పిచ్చోడా, ఏదున్నా బ్లడ్‌తో పాటే కొట్టుకొచ్చేస్తుంది" అని తేల్చేశాడు. గోదావరికి వరదొచ్చి ఎర్రనీళ్ళు దిగినప్పుడు సముద్రంలోంచి పులస ఆ ప్రవాహానికి ఎదురీదుకుంటూ పైకొస్తుందని, పుస్తెలమ్మైనా అది తినాలని నాకు చిన్నప్పట్నుంచీ చెప్పింది కూడా ఈయనే. చేప ఎదురీదుతుంది గానీ మనది మాత్రం ఎదురీదలేదని ఆయన లెక్క, నేనూ నమ్మేశా, నమ్మితే ఖర్చు లేదు కదా.

రెండు నెలల తర్వాత మా ఆవిడకి నెల తప్పి డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. "నీకు నెల ఎన్ని రోజులకొస్తుందమ్మా?" అనడిగింది. మా ఆవిడ "ఒక్కోసారి 30 మేడం, ఒక్కోసారి 22కే వచ్చేస్తది" అంది. పెళ్ళయి ఆరేళ్ళయినా ఈ ముక్క నాకు అప్పుడే తెలిసింది. డాక్టరమ్మ ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక గీతలు గీసి చెప్పిందేంటంటే, నెల 22 రోజులదైతే అండం ఎనిమిదో రోజుకే వచ్చేయొచ్చు, వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతుకుతాయి, అంటే బ్లీడింగ్ ఇంకా ఆగని నాలుగో రోజున లోపలికెళ్ళినవాళ్ళు వసారాలో మంచమేసుకుని కూర్చుని ఎనిమిదో రోజున తలుపు తెరుచుకోగానే ఎదురెళ్తారన్నమాట. అండం బతికేది మహా అయితే ఒక్క రోజే గానీ అప్పటికే గుమ్మంలో ఉన్నవాడికి ఒక్క రోజు చాలదూ! పైగా కనిపించిన బ్లడ్ ప్రతిసారీ నెలసరే అవ్వాలని కూడా లేదంట, మధ్యలో అండం వచ్చే టైంలో కూడా కొందరికి కాస్త కనిపిస్తుంది, దాన్ని చూసి సేఫ్ అనుకున్నవాడు ఏకంగా ముహూర్తం పెట్టుకుని వెళ్ళినట్టే.

1920ల్లో జపాన్‌లో ఒగినో అని ఒకాయన, ఆస్ట్రియాలో క్నౌస్ అని ఇంకొకాయన, విడివిడిగా తేల్చింది కూడా ఇదే, అండం వచ్చే రోజుని అయిపోయిన డేట్ నుంచి ముందుకి కాదు, రాబోయే డేట్ నుంచి వెనక్కి సుమారు 14 రోజులు లెక్కపెట్టాలి. రాబోయే డేట్ మనకి ముందే ఎలా తెలుస్తుంది? మా గోడ క్యాలెండర్‌లో పాలవాడు రాని రోజులకి ఇంటూ మార్కులు, గ్యాస్ బుక్ చేసిన తేదీకి టిక్కు, వాటి పక్కనే ఏ పేరూ లేని ఒక సున్నా. ఆ సున్నా మీద ఆధారపడి నేను కుటుంబ నియంత్రణ చేశానండి.

కండోమ్ కొనలేదా అంటారేమో, వెళ్ళానండీ మెడికల్ షాపుకి. ముందు ఒక పెద్దాయన బీపీ మాత్రలు, తర్వాత మా వీధి టీచరమ్మ, ఇద్దరూ కదిలే లోపు షాపబ్బాయి "ఏం కావాలన్నా" అని గట్టిగా అరిచేసరికి విక్స్ బిళ్ళలు రెండు, ఓఆర్ఎస్ ఒకటి కొనుక్కుని నల్ల కవర్లో పెట్టించుకుని మరీ వచ్చేశా. 1968 నుంచి గవర్నమెంటు నిరోధ్ పంచుతోంది, పీహెచ్‌సీలో ఫ్రీగా ఇస్తారు, అయినా నాకు దాహం తగ్గించే పొడే దొరికింది. కలిశాక కడుపు రాకుండా వేసుకునే 72 గంటల మాత్ర ఉందిగా అని మా బావ ఇంకో సలహా, అది నిజంగానే 2005 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్నారు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిదంట, కానీ దాని తర్వాత నెల డేటు అటూ ఇటూ అయ్యి మన క్యాలెండర్ శాస్త్రం ఇంకా అయోమయంలో పడుతుంది, ఇన్ఫెక్షన్‌నైతే అది ఆపనే ఆపదు.

డాక్టరమ్మ ఇన్ఫెక్షన్ అనగానే నాకు కోపమొచ్చింది, మేమేమన్నా అలాంటోళ్ళమా అని. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, మామూలు రోజుల్లో లోపల పులుపుదనం ఉండి క్రిముల్ని అడ్డుకుంటుంది, రక్తం కలిసేసరికి ఆ పులుపు విరిగిపోతుంది, గర్భాశయం మూతి కూడా కొంచెం తెరుచుకుని ఉంటుంది అని విడమరిచింది. (మజ్జిగలో నీళ్ళు ఎక్కువ పోసినట్టు అనుకున్నా మనసులో.) గనేరియా, క్లమీడియా లాంటి సుఖవ్యాధులు పైకెక్కి ట్యూబులు పాడుచేయొచ్చు, క్లమీడియా అయితే చాలామందిలో ఏ లక్షణమూ లేకుండానే కూర్చుంటుంది. హెచ్ఐవీ, హెపటైటిస్ బి రక్తంలోనే ఉంటాయి కాబట్టి ఒకరికుంటే రెండోవాళ్ళకి రిస్కు ఆ రోజుల్లో ఇంకా ఎక్కువ, మగాడికీ మినహాయింపు లేదు. "ఆ టైంలో కలవడం పాపమేం కాదు బాబూ, ఇద్దరికీ ఇష్టమైతే కలవండి, కండోమ్ పెట్టుకోండి, అనుమానముంటే ఇద్దరూ టెస్ట్ చేయించుకోండి" అని నా మొహంలోకే చూసి చెప్పింది. నేను ఫ్యాన్ వైపు చూశా.

ఇంటికొచ్చాక విచారణ మొదలైంది. ఒకటి కాదు, రెండు. మొదటిది రెండు నిమిషాల్లో ముగిసింది, "లెక్క తప్పింది కోడలే, డేట్లు గుర్తుపెట్టుకోవద్దూ" అంది మా అమ్మ. రెండోది వారం నడిచింది, ఎందుకంటే అదే నెలలో ఆవకాయకి బూజు పట్టింది. ఎవరి నీడ పడింది, ఎవరు ఏ రోజున గది గుమ్మం దాటారు, పక్కింటి పిన్నిగారు ఆ రోజు ఎందుకొచ్చారు, అన్నీ తవ్వారు. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు, నా వైపే చూస్తూ కూర్చుంది.

అర్ధరాత్రి పెరుగన్నంలోకని జాడీలో తడి గరిటె పెట్టింది నేనేనండి.