దేవుడిచ్చిన గ్రాహకాలు

మారతహళ్లిలో మా ఆఫీసు వెనక ఒక టీ బడ్డీ ఉంది. రోజూ సాయంత్రం నాలుగింటికి మా టీమ్ లీడర్ గారు అక్కడ నాడీశాస్త్రం బోధిస్తారు. గుంజకు పురికొసతో కట్టిన లైటరు అందుకుని మొన్న ఆయన సెలవిచ్చినది: "మెదడులో నికోటిన్‌ను అందుకునే గ్రాహకాలని, అదే రిసెప్టర్లని, ప్రత్యేకంగా ఉన్నాయయ్యా. అవసరం లేనిదే దేవుడెందుకు పెడతాడు?"

నిజమే. ఇంటికి కిటికీలు పెట్టించేది కూడా దొంగల సౌకర్యం కోసమే.

ఆ గ్రాహకాలు ఎసిటైల్‌కోలిన్ అనే మన సొంత సరుకు కోసం, అంటే నాడులు కబురు పంపుకునే రసాయనం కోసం ఏర్పడ్డాయి. 1905లో లాంగ్లీ అనే కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు కండరాల మీద నికోటిన్ ప్రయోగించి, దాన్ని గ్రహించే పదార్థమేదో అక్కడ ఉందని తేల్చాడు. అలాంటి ప్రయోగాల పుణ్యమా అని దొంగ పేరే ఇంటికి నిలిచింది.

చిరునామాలు కావాలా? మెదడు నడిమధ్య థాలమస్ అనే భాగంలో కిక్కిరిసి ఉంటాయి. పైపొర కార్టెక్స్‌లో, జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్‌లో ఉంటాయి. నడిమెదడులో, 'ఇంకా కావాలి' అనిపించే డోపమైన్ రసాయనాన్ని వదిలే కణాల మీదా ఉంటాయి, అసలు వ్యాపారం అక్కడే. దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ అక్కడ దిగుతుంది. బెంగళూరులో ఇంత వేళకు గమ్యం చేరే ప్రయాణికుడు ఇంకొకడు లేడు. హెబెన్యులా అనే చిన్న భాగంలోనూ ఇవి దట్టంగా ఉన్నాయి. మోతాదు మించితే "ఇక చాలు" అనిపించేది అదేనని ఎలుకల మీద పరిశోధనల్లో తేలింది. లీడర్ గారి పాఠం ఏనాడూ అంత దూరం పోలేదు.

రోజూ కాలిస్తే ఈ గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. అచ్చం మా వీధి పీజీ ఓనరులాగే: ముగ్గురుండే గదిలో నాలుగో మంచం, బాల్కనీకి రేకు కొట్టి ఐదోది, మెట్ల కింద ఆరోది. రాత్రంతా దమ్ము లేక తెల్లారేసరికి మంచాలన్నీ ఖాళీ, ఓనరుకు చిరాకు. పదింటి మీటింగు పదకొండు దాటితే మా లీడర్ గారు జేబు తడుముకునేది ఆ మంచాలు నింపడానికే. దాన్ని ఆయన "ఏకాగ్రత కోసం" అంటారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ అనంతపురం నుంచి మూడు నెలల కిందట వచ్చిన ఇరవై రెండేళ్ల కుర్రాడికి మొదటి సిగరెట్ ఆయనే అందించారు. వాడు దగ్గాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. "అలవాటవుతుందిలే తమ్ముడూ" అని వీపు తట్టారు. అలవాటవుతుందని తెలిసే ఇచ్చారన్నమాట! ఇంకా ఎదుగుతున్న మెదడండీ అది. అందులో మంచాలు వేయడానికి మీకెవరిచ్చారు హక్కు? వాళ్లమ్మ ఇచ్చిందా?

నిన్న నాలుగు కాకముందే ఆ కుర్రాడు కుర్చీలోంచి లేచాడు. లీడర్ గారు ఇంకా మీటింగులోనే ఉన్నారు.