సవరణ: ఎస్‌డీఎస్ కలిపాక బ్రాడ్‌ఫోర్డ్ పనికిరాదు

అనంతపురం ఎమ్మెస్సీ విద్యార్థుల కోసం శనక్కాయ విత్తనాల ప్రోటీన్‌ను జెల్ మీద నడిపి, పరిమాణాన్ని బట్టి విడదీసే పద్ధతి రాస్తూ, పొడిని లామ్లీ బఫర్‌లో (జెల్‌లో వేసే ముందు ప్రోటీన్‌ను సిద్ధం చేసే ద్రావణం) మరిగించి అదే ద్రావణాన్ని బ్రాడ్‌ఫోర్డ్‌తో (రంగు మార్పును బట్టి ప్రోటీన్ ఎంతుందో చెప్పే పరీక్ష) కొలవమన్నాను. అది తప్పు, పొరపాటు నాదే. రీఏజెంట్‌తో వచ్చే సూచనల కాగితంలో, ఏ రసాయనం అడ్డొస్తుందో చెప్పే పట్టికలోనే ఈ విషయం ఉంది.

లామ్లీ బఫర్‌లో ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ 2 శాతం ఉంటుంది. బ్రాడ్‌ఫోర్డ్‌లో వాడే కూమాసీ రంగు ప్రోటీన్‌తో పాటు దాంతోనూ కలిసిపోతుంది కాబట్టి 595 నానోమీటర్ల దగ్గర వచ్చే రీడింగ్‌ను నమ్మలేం. 20 మైక్రోగ్రాములు వేశామనుకున్న జెల్ బావిలో (నమూనా పోసే గుంటలో) నిజంగా ఎంత పడిందో ఎవరికీ తెలీదు. బ్యాండ్లు ఒకచోట మసిబారినట్టు, పక్కనే వెలవెలబోతూ వస్తాయి.

సరైన వరస ఇది: పొడిలో నూనెను హెక్సేన్‌తో తీసేయాలి (విత్తనంలో దాదాపు సగం నూనే మరి). ఎస్‌డీఎస్ లేని ట్రిస్ బఫర్‌లో ప్రోటీన్ తీసి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటను కొలవాలి. ఆ తర్వాతే లామ్లీ.

ఎస్‌డీఎస్ తప్పదంటే ప్రోటీన్‌ను రాగి సాయంతో కొలిచే బీసీఏ పద్ధతి వాడండి, 5 శాతం దాకా తట్టుకుంటుంది. కానీ మెర్‌కాప్టోఇథనాల్, డీటీటీ (ప్రోటీన్‌లోని గంధక బంధాలను విడగొట్టే రసాయనాలు) మాత్రం కొలిచాకే కలపాలి; అవి రాగిని తామే క్షయకరణం చేసి, లేని ప్రోటీన్‌ను చూపిస్తాయి.