పిన్ని బండెక్కడానికి స్టూలు వేయాల్సి వచ్చింది

పొద్దున్నుంచి ఒళ్లు మండిపోతోంది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నా. పెద్ద పోస్టు. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఇవాళ పిన్నిని సింహాచలం తీసుకెళ్దామనుకున్నాం. మా తమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు, వాడి థార్ (మహీంద్రా జీపు) తెచ్చాడు. మొన్ననే దానికి రెండంగుళాల లిఫ్ట్ వేయించి, అంటే బాడీని అంత ఎత్తు లేపించి, 33 అంగుళాల టైర్లు ఎక్కించాడు. బండి వీధి మలుపు తిరుగుతుంటేనే అందరూ తలతిప్పి చూశారు. చూడ్డానికి బాగుంది, కాదనను. కానీ పిన్ని గేటు దగ్గర తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడకి 68 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. కాలు ఎత్తింది, అందలేదు. కుచ్చిళ్లు చేత్తో పైకి పట్టుకుని ఇంకోసారి ఎత్తింది. అయినా అందలేదు. "నేను ఆటోలో వచ్చేస్తాన్లే నాన్నా, మీరు పదండి" అంది. కన్నకొడుకు బండి ఎదురుగా పెట్టుకుని ఆవిడ ఆటోలో వస్తానంటోంది! నేను లోపలికెళ్లి పెరట్లో ఉన్న ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేసి, చెయ్యి పట్టుకుని ఎక్కించాను. కొండ మీద దిగాలన్నా స్టూలు కావాలి కదా, అందుకని వెనక సీట్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఘాట్ రోడ్డు మొదటి మలుపులో వాడు స్టీరింగ్ పూర్తిగా తిప్పేసరికి ముందు చక్రం దగ్గర బర్రుమని చప్పుడు. రెండో మలుపులోనూ అదే. "కొత్త టైరు కదా అన్నయ్యా, కొన్నాళ్లు పోతే సర్దుకుంటుంది, షాపులో చెప్పారు" అన్నాడు. సర్దుకోదురా! టైరు వెళ్లి మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్‌ని గీకుతోంది. సర్దుకునేది ఏమైనా ఉంటే ఆ ప్లాస్టిక్కే, చిల్లు పడి సర్దుకుంటుంది. పైన పార్కింగులో చూస్తే నిజంగానే అరచేయంత మేర గీసుకుపోయి తెల్లబడి ఉంది. స్వామి ముందు నిలబడ్డానన్న మాటే గానీ ధ్యాసంతా ఆ చక్రం మీదే.

ఇంటికొచ్చాక ఊరుకోలేక నా జాకీ తీసి ముందు చక్రం నేల వదిలేలా బండిని పైకి లేపాను. చక్రం కిందికి వేలాడేసరికి బ్రేక్ హోస్ పైపు చూడండి, పందిరికి కట్టిన తాడులా బిగుసుకుపోయింది. వేలితో నొక్కితే కదల్లేదు. బ్రేకు వేసినప్పుడు చక్రం జారకుండా చూసే ఏబీఎస్ వైరుదీ అదే పరిస్థితి. యాక్సిల్ చివర రబ్బరు బూటు మడతలు ఒక పక్క ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. రోడ్డు మీద నిలబడినప్పుడు ఇవేవీ కనిపించవు. పెద్ద గుంతలో చక్రం ఒక్కసారి వేలాడినప్పుడు తెలుస్తుంది, అప్పటికి చేతులు కాలిపోయి ఉంటాయి. ఆ పైపు తెగితే ఆ చక్రానికి బ్రేకు ఉండదు. ఆ బండిలోనే కదా పొద్దున పిన్నిని కొండెక్కించి దింపాం!

అసలు వాడికి వేసింది లిఫ్ట్ కిట్ కాదు, స్పేసర్. ముందు షాక్ అబ్జార్బర్ పైన ఒక ముక్క, వెనక స్ప్రింగు కింద ఇంకో ముక్క. పాత స్ప్రింగే, పాత షాకే, వాటి మీద బండిని ఎత్తి కూర్చోబెట్టారు. ఈ థార్‌కి ముందు చక్రాలు వేటికవే కదులుతాయి కాబట్టి పైన పెట్టేది చిన్న ముక్కే అయినా చక్రం దగ్గరికి వచ్చేసరికి అంతకు మించి తేడా వస్తుంది. బాల్ జాయింట్లు, యాక్సిల్ జాయింట్లు అన్నీ కొత్త కోణంలో పనిచేయాలి. సరిగ్గా చేసేవాడైతే చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్మ్ మారుస్తాడు, పొడవైన షాకులు వేస్తాడు, బ్రేక్ హోసులు మారుస్తాడు, వెనక యాక్సిల్‌ని పక్కకి జరగకుండా పట్టి ఉంచే ప్యానార్డ్ రాడ్డు సరిచేస్తాడు, అలైన్‌మెంట్ చేయించి ఆ కాగితం చేతిలో పెడతాడు. వీడి దగ్గర ఆ కాగితం లేదు. "చక్రాలు నేరుగానే ఉన్నాయి" అన్నారట. కంటితో చూసి చెప్పారా?

టైర్ల సంగతి ఇంకా ఘోరం. కంపెనీ ఇచ్చినవి 255/65 ఆర్18. అంటే 31 అంగుళాల ఎత్తు. వీడు వేయించినవి 285/65 ఆర్18. టేపు పెట్టి కొలిస్తే 33 కూడా కాదు, 32.6 వస్తుంది. సరే, అది వదిలేద్దాం. టైరు నాలుగు సెంటీమీటర్లు పెరిగితే యాక్సిల్ లేచేది అందులో సగం, రెండు సెంటీమీటర్లు. రెండంగుళాల లిఫ్ట్ వల్ల బాడీ లేచింది గానీ వెనక యాక్సిల్ మధ్యలో బుడిపెలా ఉండే డిఫరెన్షియల్ ఒక్క వెంట్రుకవాసి కూడా లేవలేదు. రాయి తగిలేది దానికే! అంత డబ్బు పోసి అక్కడ సంపాదించింది ఆ టైరు ఇచ్చిన రెండు సెంటీమీటర్లే. బంపరు కింద, బండి డోరు గుమ్మం కింద లాభం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఎక్కడ ఎంత లాభమో డబ్బు తీసుకునేవాడు చెప్పాలి కదా. స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే బండి 84లో పోతోందని కూడా వాడికి ఎవరూ చెప్పలేదు.

పైగా నాలుగే కొన్నాడు. ఐదోది కొనలేదు. వెనక డోరుకి ఇంకా పాత 31 స్టెప్నీయే వేలాడుతోంది. అడవిలో ఒక టైరు పోతే మూడు పెద్దవి, ఒకటి చిన్నది. ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం) వేస్తే ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ ఒకే వేగంతో తిరగాలి. ఒక చక్రం చిన్నదైతే గేర్ల మీద పడే ఒత్తిడి ఎంత? ఆ మాట అడిగితే "అంత దూరం వెళ్లంలే అన్నయ్యా" అంటాడు. వెళ్లనప్పుడు ఎందుకురా ఇదంతా?

వాణ్ని కూడా పూర్తిగా తప్పు పట్టలేను. వాడికి 26 ఏళ్లు, ఫోన్‌లో రోజూ చూసేవి ఈ బండ్లే. నా కోపం డబ్బు తీసుకుని సగం పని చేసి పంపినవాళ్ల మీద. చట్టం మాటా చెప్పలేదు వాడికి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదని. అదే ఏడాది చట్టం సవరించి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు అని పెట్టారు. రెండూ కూడా వేయొచ్చు. రేపు ఏదైనా జరిగితే బీమావాళ్లకి అంతకన్నా సాకు ఏం కావాలి? షాపువాడు వస్తాడా అప్పుడు?

ఇంకో మాట. ముందు భాగం లేచినప్పుడు హెడ్‌లైట్లు కూడా పైకి లేస్తాయి, స్క్రూ తిప్పి కిందికి దించాలి. ఐదు నిమిషాల పని. ఎవరూ చేయరు. రాత్రి పూట అరకు రోడ్డులో ఎస్.కోట దాటాక ఎదురుగా ఒక్కడు వస్తే చాలు, బైకు మీద ఉన్నవాడికి కళ్లు బైర్లు కమ్మి రోడ్డు అంచు కనిపించదు. ఒకవైపు లోయ!

ఈ లిఫ్ట్ బండ్ల మాట వస్తే నాకు రెండేళ్ల కిందటి సంగతి గుర్తొస్తుంది. ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. ఇవాళ రాస్తాను.

మా ఆఫ్‌రోడ్ బండ్ల గ్రూపు పాడేరు వైపు వెళ్తోంది, వర్షాలు అప్పుడే తగ్గాయి. నాది 2021లో కొన్న థార్, కంపెనీ టైర్లే. "స్టాక్ బండ్లు వద్దు, మధ్యలో ఇరుక్కుంటే మా టైం వేస్ట్" అని, అంటే ఏ మార్పూ చేయని బండ్లు రావద్దని, గ్రూపులో అందరి ముందు పెట్టారు. నా పేరు రాయలేదు గానీ స్టాక్ బండి ఉన్నది నా ఒక్కడికే. అయినా చివర్న వెళ్లాను. ఊరు దాటిన కాసేపటికి ఎర్రమట్టి దారిలో ముందున్న లిఫ్ట్ బండి గాడిలో దిగబడింది. టైరు గాళ్లలో బురద నిండిపోయి నున్నగా తిరుగుతోంది, ఎంత రేస్ ఇస్తే అంత లోపలికి. లాగబోయిన రెండోదీ దిగబడింది. అరగంటకి ఎదురుగా ఒక పాత కమాండర్ జీపు వచ్చింది. సన్న టైర్లు, అరిగిన కమాన్ పట్టీలు, లోపల పదిమంది, పైన అల్లం బస్తాలు. డ్రైవర్ దిగి చక్రం వైపు ఒకసారి చూసి, "బాబూ, ముందు గాలి తియ్యండి" అన్నాడు. అగ్గిపుల్లతో వాల్వు నొక్కి నాలుగు టైర్లకీ గాలి తనే దించాడు. టైరు వెడల్పుగా పరుచుకుంది. తాడు కట్టి మెల్లగా లాగితే రెండు లాగుళ్లలో బయటికొచ్చింది. జీపులో ఉన్న ఆడవాళ్లు కూడా దిగి తోశారు. వాళ్లలో ఒకామె చంకలో బిడ్డ ఉంది.

ఆ సాయంత్రమే గ్రూపులో ఫోటో పెట్టారు. బురదలో లిఫ్ట్ బండి, "ఎక్కడికైనా వెళ్తాం" అని రాశారు. ఆ ఫోటో తీసింది నేనే. అందులో ఆ జీపు ఉంది, తాడు పట్టుకున్న ఆ డ్రైవర్ ఉన్నాడు. పక్కన కత్తిరించేశారు. ఆయన చెయ్యి మాత్రం మోచేతి దాకా అంచున మిగిలింది. నేను అడిగితే నన్ను గ్రూపులోంచి తీసేశారు. బొర్రా దగ్గర కటికి జలపాతానికి టూరిస్టుల్ని ఎక్కించుకుని రోజూ ఆ రాళ్లలో తిరిగేవి ఇలాంటి జీపులే. ఆ డ్రైవర్లని ఒక్కరైనా వచ్చి అడిగారా, ఎలా తోలుతున్నావయ్యా అని?

అసలు ఫోటో నా దగ్గర ఇంకా ఉంది. రేపు పెడతాను, మొత్తం పెడతాను.

తమ్ముడికి సాయంత్రం నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తడం లేదు. బ్రేక్ హోసులు మార్చేదాకా బండి తియ్యొద్దని మెసేజ్ పెట్టాను, చూశాడు, జవాబు లేదు. పిన్ని చేసింది ఇందాక. "వాడి మీద కోప్పడకు నాన్నా, స్టూలు బండిలోనే ఉంచమన్నాను" అంది.