బియ్యం బస్తా అంత బరువు

‘వేసుకుని నడవలేని బట్టలకు మ్యూజియం దేనికి?’ అని ఫ్యాషన్ ప్రదర్శనల మీద వచ్చిన ఒక వ్యాసంలో అడిగారు. నేనూ అదే అనుకుంటూ 2022లో శాన్‌ఫ్రాన్సిస్కో లీజియన్ ఆఫ్ ఆనర్ మ్యూజియంలో చైనా డిజైనర్ గువో పెయ్ ప్రదర్శనకు వెళ్లాను. 2015లో న్యూయార్క్ ఫ్యాషన్ వేడుక మెట్ గాలాలో గాయని రిహానా వేసుకున్న పొడవాటి పసుపు అంగీ అక్కడ ఉంది. దాని బరువు దాదాపు 25 కిలోలట. అంటే మన బియ్యం బస్తా! అప్పట్లో నెట్‌లో అందరూ ఆమ్లెట్ అని ఎగతాళి చేశారు, నేనూ నవ్వాను. కానీ అంచు పొడవునా బొచ్చు, దాని పక్కనే దారంతో మెలితిరిగిన తీగలు, పువ్వులు... ఆ కుట్టుపని చూస్తే నోట మాట రాలేదు. ఒక్క పెళ్లి జాకెట్టు మగ్గం వర్క్‌కే మన దగ్గర రోజులు పడుతుంది, ఇది ఎన్ని చేతులు కుట్టి ఉంటాయో! హాల్లో లైట్లు మసకగానే ఉంటాయి, వెలుతురు ఎక్కువైతే రంగులు వెలిసిపోతాయి కదా. మా ఆవిడ డౌట్ మాత్రం ఒక్కటే: ‘దీన్ని ఉతికేదెలా?’